ముప్పై రోజుల పెళ్లి: గుంటూరులో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ సేవ మీద ఒక రివ్యూ

చట్టానికి ఐదుకు నాలుగు. ఆఫీసుకు రెండు. అయ్యప్ప మాలలో ఉన్న క్లర్కు గారికి ఐదుకు ఐదు. వెళ్ళొచ్చా అంటే నిక్షేపంగా వెళ్ళండి. కాకపోతే ఈ మార్కులు ఇలా ఎందుకు పడ్డాయో తెలుసుకుని వెళ్ళండి.

మా తమ్ముడి పెళ్లి పోయిన ధనుర్మాసంలో గుంటూరులోని ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఎవరి మతంలో వాళ్ళుండి పెళ్లి చేసుకోనిచ్చే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద జరిగింది. ఏ ఆఫీసో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్ళకు నా వల్ల ఇబ్బంది రాకూడదు. పైగా నేను చెప్పబోయేవి ఆ ఒక్క ఆఫీసుకే ప్రత్యేకమని నేను అనుకోవడం లేదు. మరదలిది రేపల్లె దగ్గర పల్లె, మూడు తరాలుగా లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. మాది శ్రావణ శుక్రవారాలు తప్పని ఇల్లు. అంటే మా అమ్మ వ్రతం చేస్తుంది, నేను శనగలు తింటాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పెద్ద పట్టింపూ కాదు. ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్తాను కాబట్టి కాగితాల పని మొత్తం నా నెత్తిన పడింది.

తమ్ముడికీ మరదలికీ ఒకటే పట్టుదల. ఆ అమ్మాయి గుడికి మారదు, వీడు చర్చికి మారడు. ఒకరి కోసం ఒకరు నమ్మకం లేని సంతకం పెట్టడం ఇద్దరికీ ఇష్టం లేదు. నిజానికి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. కానీ అబ్బాయి బాప్తిస్మం తీసుకోకపోతే పెళ్లి చేయనని పాస్టర్ గారు ముందే చెప్పేశారు. చట్టం అడగనిది చర్చి అడిగింది. హిందూ వివాహ చట్టంలో అయితే ఇద్దరూ హిందువులై ఉండాలని చట్టమే అడుగుతుంది. ఇక మిగిలింది ఈ కౌంటర్.

సినిమాల్లో చూపించేట్టు దండలు పట్టుకుని పరిగెత్తుకెళ్తే సాయంత్రానికి అయిపోయే పెళ్లి కాదిది. ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా అప్పటికే ముప్పై రోజులుగా ఆ ఆఫీసు పరిధిలో ఉంటూ ఉండాలి. నోటీసును నోటీసు పుస్తకంలో ఎక్కిస్తారు, ఒక ప్రతిని ఆఫీసులో నలుగురికీ కనపడే చోట అంటిస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరైనా వచ్చి ఫీజు కట్టకుండా చూడొచ్చు. ముప్పై రోజులు గడిచి, అభ్యంతరం ఏదీ నిలబడకపోతే, నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు వచ్చి ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి చేసుకోవాలి. మూడు నెలలు దాటాయా, మళ్ళీ మొదటి నుంచి నోటీసు. మాకు రసీదు మీద పడిన ఫీజు, సాక్షులకు బ్రాడీపేటలో పెట్టించిన టిఫిన్ల బిల్లు కంటే తక్కువ. బయట చెట్టు కింద కూర్చునే డాక్యుమెంట్ రైటరుకు ఇచ్చింది మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ఆయన లేకుండా కూడా పని అవుతుంది గానీ, ఆయన లేకుండా వచ్చినవాళ్ళను లోపల వాళ్ళు వింతగా చూస్తారు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చినవి దాని చివర ఉన్న నమూనా పత్రాలు. నోటీసులో అడిగేవి ఇవి: పేరు, పెళ్లి కానివారా విడాకులు తీసుకున్నవారా జీవిత భాగస్వామి పోయినవారా, ఏం పని చేస్తారు, వయసెంత, ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్ళుగా ఉంటున్నారు. అంతే. మతం లేదు, కులం లేదు, గోత్రం లేదు. పెళ్లి రోజున సంతకం పెట్టే డిక్లరేషన్‌లోనూ లేదు, చేతికిచ్చే సర్టిఫికెట్‌లోనూ లేదు. ఇదేమీ చిన్న సంగతి కాదు. దీనికి ముందు 1872లో వచ్చిన చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అంటూ ఉన్న మతాలన్నిటినీ వదులుకున్నట్టు రాసివ్వాలి. 1923లో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసుకునేటప్పుడు ఆ బాధ తప్పించారు. నీ నమ్మకాన్ని నీ దగ్గరే ఉంచుకో, పెళ్లి మాత్రం నా దగ్గర చేసుకో అని ప్రభుత్వం అందరితోనూ అనగలిగింది 1954లోనే. నేను క్లాసులో లౌకిక రాజ్యం పాఠం చెప్పేటప్పుడు రాజ్యాంగ పీఠికలో 'లౌకిక' అన్న మాట చేర్చిన 1976 నాటి 42వ సవరణ గురించీ, లౌకికత రాజ్యాంగ మూల స్వరూపంలో భాగమన్న సుప్రీంకోర్టు 1994 బొమ్మై తీర్పు గురించీ చెప్తాను. ఇకముందు ఈ నోటీసు నమూనాను కూడా బోర్డు మీద రాసి చూపిస్తాను.

ఇప్పుడు ఆఫీసు సంగతి. అక్కడ మా చేతికిచ్చిన జిరాక్స్ కాగితంలో పేరు, తండ్రి పేరు తర్వాత గడి: మతం. దాని కింద: కులం. ఎవరు చేర్చారో, ఎప్పుడు చేర్చారో అక్కడ ఎవరికీ తెలియదు. "మొదటి నుంచీ ఇంతే మేడమ్" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. ఫోన్‌లో చట్టం తీసి, నోటీసు నమూనా ఉన్న రెండో షెడ్యూల్ చూపించాను. చదివాడు, పాపం. చదివి, "కంప్యూటర్ ఒప్పుకోదు" అన్నాడు. గడి ఉన్నది కాగితంలో, ఒప్పుకోనిది కంప్యూటర్. మా వెనక క్యూలో వాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు.

అప్పుడు లోపలి గదిలోంచి నల్లబట్టల్లో, మెడలో మాలతో, నుదుటి నిండా విభూతి గంధాలతో ఒక క్లర్కు గారు వచ్చారు. నిజం చెప్పాలంటే ఆయన్ని చూడగానే ఇక మా పని జరగదనుకున్నాడు మా తమ్ముడి స్నేహితుడు. ఆయన నా ఫోన్ తీసుకుని షెడ్యూల్ మొత్తం పైకి కిందికీ చూసి, "మాతా, ఆ రెండు గడుల్లో చిన్న గీత పెట్టేయండి. కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటా" అన్నారు. చూసుకున్నారు కూడా. తర్వాత వెళ్ళినప్పుడల్లా మా ఫైలు ఎక్కడుందో చెప్పింది ఆయనొక్కడే. ఆ మనిషికి శబరిమల మీద ఎంత భక్తి ఉందో నాకు తెలియదు గానీ, దాన్ని ఫైలులోకి రానివ్వలేదు. నేను ప్రభుత్వం నుంచి కోరేది అంతకు మించి ఏమీ లేదు.

ఆ గడి వల్ల మా మరదలికి పోయేదేమీ లేదు. కానీ గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో ఆ ఒక్క గడి ఎంతమందికి టెన్షనో ఇక్కడివాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ కావాలంటే హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఏదో ఒకటై ఉండాలి. మొదట హిందువులే, సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు. క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలను మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపులో, అంటే బీసీ-సీలో పెట్టారు, ఎస్సీ రిజర్వేషన్ వాళ్ళకు ఉండదు. వివక్ష చూపేవాడు మాత్రం నువ్వు ఆదివారం ఏ ప్రార్థనకు వెళ్తావని అడిగి మొదలుపెట్టడు. అలాంటి ఇంటి అమ్మాయో అబ్బాయో ఈ కాగితం ముందు కూర్చుంటే, 'క్రైస్తవ' అని రాస్తే ఉద్యోగానికి ఎసరు, 'హిందూ' అని రాస్తే ఇంట్లో అమ్మానాన్నల ముఖం చూడలేరు. చట్టం అడగని ప్రశ్నను ఒక జిరాక్స్ కాగితం అడుగుతున్నందుకు ఇదంతా. మేమున్న రోజే పక్క బెంచీ మీద ఒక జంట సరిగ్గా ఆ గడి దగ్గర పెన్ను ఆపి, ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ కారణం ఏమిటో ఊహించి రాయను.

ఇక ఆ ముప్పై రోజులు. నా మార్కులు ఎక్కువ తెగింది ఇక్కడే, అందులో తప్పు చట్టానిదీ ఉంది, ఆఫీసుదీ ఉంది.

నోటీసు బోర్డు వరండాలో మంచినీళ్ళ డ్రమ్ము పక్కన ఉంది. మా కాగితం అంటించిన వారంలోపే దాని ఫోటో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పేర్లు, వయసులు, డోర్ నంబర్లతో సహా. శాశ్వత నివాసం వేరే ఆఫీసు పరిధిలో ఉంటే అక్కడా అంటించాలని రూలు కాబట్టి రేపల్లె వైపు కూడా ఒక ప్రతి వెళ్ళింది. ఇక రెండు ఇళ్ళకూ రాకపోకలు మొదలయ్యాయి. మా ఇంటికి ఒక సంఘం తరఫున ఇద్దరు వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. అమ్మాయిని మార్పించండమ్మా, హోమం ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నారు. అమ్మ కాఫీ ఇచ్చి, "ఆ పిల్లే నన్ను మార్చమని అడగలేదు, నేనెందుకు అడుగుతాను" అని పంపేసింది. అటు మరదలి నాన్నగారిని పాస్టర్ గారు పిలిపించుకుని, అవిశ్వాసులతో జోడు కట్టకూడదన్న వాక్యం చదివి వినిపించారట. ఇద్దరికీ అడ్రసు ఇచ్చింది ప్రభుత్వమే, డ్రమ్ము పక్కన అంటించి మరీ.

మా వార్డు కార్పొరేటర్ కూడా ఫోన్ చేశారు. పిలవకపోయినా పెళ్ళిళ్ళకు వచ్చి నాలుగు అక్షింతలు వేసి ఫోటో దిగి వెళ్ళే మనిషి. "అమ్మా, నాకే అభ్యంతరమూ లేదు, మీ ఇంటికి భోజనానికి కూడా వస్తా. కానీ రిసెప్షన్ ఫ్లెక్సీలో నా ఫోటో వేయకండి. రెండు వైపులా ఓట్లున్నాయి" అన్నారు. ఫ్లెక్సీ వేసే ఆలోచన మాకు లేనే లేదు. ఓటరు జాబితాలో మతం గడి లేకపోయినా ఆయన మనసులో ఉన్న జాబితాలో ఉందన్నమాట.

పెద్దనాన్నకు మాత్రం మతంతో పని లేదు, ఆయన దిగులు పొలం. ఎవరో లాయరు ఆయనకు చెప్పారట, ఈ చట్టం కింద పెళ్లి చేసుకుంటే వాడు ఉమ్మడి కుటుంబం నుంచి బయటికి పోయినట్టేనని. ఇది సగం నిజం. 19వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. అయితే విడిపోవడమంటే వాటా పోవడం కాదు. వాటా వాడిదే, ఇకపై ఉమ్మడి కాదు, అంతే. ఆ తర్వాత వాడి ఆస్తికి వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. 1976లో ఒక సవరణ తెచ్చి, ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనుల్లోని వారే అయితే ఇదంతా వర్తించదన్నారు. రెండు మతాల జంటకు మాత్రం 1954 లెక్కే ఇప్పటికీ. సెక్యులర్ చట్టం లోపలే మతాన్ని బట్టి రెండు రకాల లెక్కలు ఎందుకుండాలో నాకు అర్థం కాదు. చట్టానికి పోయిన ఒక మార్కులో దీనికీ వాటా ఉంది. పెద్దనాన్నకు ఇదంతా చెప్తే, "అయితే గట్టు రాళ్ళు ఇప్పుడే పాతించుకుందాం" అన్నారు.

ఇంత హడావుడి జరిగినా చట్టపరంగా ఒక్క అభ్యంతరం కూడా రాలేదు, రావడానికి వీలూ లేదు. అభ్యంతరం చెప్పాలంటే నాలుగో సెక్షన్ షరతుల్లో ఏదో తప్పిందని చూపాలి. అప్పటికే భార్యో భర్తో బతికి ఉండటం, సమ్మతి చెప్పలేని మానసిక స్థితి, అబ్బాయికి ఇరవై ఒకటో అమ్మాయికి పద్దెనిమిదో నిండకపోవడం, దగ్గరి చుట్టరికం. మతం వేరు, కులం తక్కువ, పెద్దలకు ఇష్టం లేదు అనేవి అందులో లేవు. (చుట్టరికం దగ్గర ఒక హెచ్చరిక. మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా ఈ చట్టంలో నిషిద్ధ బంధుత్వమే. మా ఇళ్ళలో ఆచారం ఉందండీ అంటే ఆ ఆచారాన్ని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. కాబట్టి బావామరదళ్ళు ఈ కౌంటర్ దాకా వచ్చి వెనక్కి పోవద్దు.) అంటే బోర్డు మీది కాగితం చదివి నిజంగా పనికొచ్చే అభ్యంతరం రాసేది, ఉంటే గింటే, ఎవరి మొదటి భార్యో. మిగతావాళ్ళంతా చదివేది ఇంటికొచ్చి మాట్లాడటానికి. కొన్ని ఊళ్ళలో మాటలతో ఆగరు కూడా. కేరళ 2020లోనే ఈ నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు అంటించాలి, కోరకపోతే అక్కర్లేదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ప్రింటు తీసుకెళ్ళి చూపిస్తే, "అది అలహాబాద్ కదా మేడమ్" అన్నారు ఆఫీసులో. ఆ మాటా నిజమే.

అదే గదిలో పక్క టేబుల్ దగ్గర హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్లు జరుగుతుంటాయి. గుడి రసీదు, శుభలేఖ, తాళి కట్టే ఫోటో, ఆధార్ కార్డులు. పొద్దున వచ్చినవాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళకు సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తున్నారు. వాళ్ళకు బోర్డు లేదు, డ్రమ్ము పక్కన డోర్ నంబర్ లేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అందరికీ అలాగే ఉండాలి. నా ఫిర్యాదు ఒక్కటే. ఏదో ఒక దేవుడి దగ్గర నుంచి కాగితం తెచ్చినవాళ్ళను ప్రభుత్వం ఆ పూటే నమ్మేస్తుంది. ఏ దేవుణ్ణీ మధ్యలో పెట్టకుండా నేరుగా తన దగ్గరికే వచ్చినవాళ్ళను మాత్రం నెల రోజులు అనుమానిస్తుంది. మతం లేని కౌంటర్ తెరిచింది తనే, ఆ కౌంటర్‌కు వచ్చినవాళ్ళకే ఎక్కువ కష్టం పెట్టేదీ తనే. ఆ గదిలోనే ఒక పెద్దాయన మా మీద జాలిపడి, "ఇంత ప్రయాస ఎందుకు మేడమ్, అమ్మాయి మారిందని ఒక కాగితం పుట్టించి ఏదో ఒక గుడిలో తాళి కట్టించుకు రండి, ఎల్లుండికి చేతిలో పెడతాం" అన్నారు. ప్రభుత్వ కుర్చీలో కూర్చుని, ప్రభుత్వ జీతం తీసుకుంటూ, మతం మార్చుకోమని సలహా. ఆయనకు అందులో తప్పేమీ కనపడలేదు, సాయం చేస్తున్నాననే అనుకున్నారు.

ఎందుకు కనపడాలి? అధికారి గది గోడ చూడండి. వెంకటేశ్వరస్వామి, దుర్గమ్మ, సాయిబాబా, వినాయకుడు, కంప్యూటర్ మానిటర్‌కు కుంకుమ బొట్టు. బీరువా మీద అంబేడ్కర్ ఫోటో, దానికీ పోయిన జయంతి నాటి దండ ఎండిపోయి వేలాడుతోంది. ఒక టైపిస్టు బల్ల అద్దం కింద యేసు క్యాలెండర్ ఆకు. గోడ మీద ఫోటోలకు ఇంత రాద్ధాంతమా అక్కా అన్నాడు తమ్ముడు. ఎవరి బల్ల మీద వాళ్ళు ఏ ఫోటో పెట్టుకున్నా నాకు పట్టదు. గోడ మాత్రం ఆఫీసుది. రెండు మతాల పిల్లలు వచ్చి నిలబడే ఒకే ఒక గదిలో గోడ ముందే ఒక పక్కకు జరిగి ఉంటే, రెండో పక్కనున్న అమ్మాయి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మరదలు అలాగే మాట్లాడింది. బయట ఆ పిల్ల గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

ఆ గుమస్తాలనే అనడం కూడా న్యాయం కాదు. వాళ్ళు రోజూ చూస్తున్నది అదే. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు విజయవాడలో రోడ్ల కోసమని ఒక ప్రభుత్వం గుళ్ళు తీయించింది. 2021 జనవరి 8న వాటిలో తొమ్మిదింటిని మళ్ళీ కట్టడానికి ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలన్నది రెండుసార్లూ ఎవరికీ పట్టలేదు, ఎవరు ఏ మతం పక్షం అన్నదే మాట్లాడుకున్నారు. పాకిస్తాన్ నేత జిన్నా పేరున్న మా గుంటూరు జిన్నా టవర్ పేరు మార్చాలని గొడవ లేస్తే, 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేసి శాంతింపజేశారు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చింది. నెయ్యిలో ఏం కలిసిందో ల్యాబ్ తేల్చాలి, కలిపినవాళ్ళ సంగతి పోలీసులు తేల్చాలి. కానీ ఉప ముఖ్యమంత్రి నంబూరు గుడిలో దీక్ష పట్టి, ఇంద్రకీలాద్రి మెట్లు కడిగారు. ప్రతిపక్షం దానికి జవాబుగా రాష్ట్రమంతా గుళ్ళలో పూజలు చేయమని పిలుపునిచ్చింది. కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకు దూరంగా ఉంచుతారని ఆశిస్తామని ఆ నెల 30న సుప్రీంకోర్టు అంది. అర్చకులకు ఇంత, ఇమాములకు ఇంత, పాస్టర్లకు ఇంత అని మేనిఫెస్టోల్లో పోటీ సరేసరి. పై అంతస్తు ఇలా ఉంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు జిరాక్స్ కాగితంలో మతం గడి తప్పని ఆ కుర్రాడికి ఎవరు చెప్పాలి?

ఇక్కడ ఎప్పుడూ ఇంతే అనడానికి కూడా లేదు. పక్కనే తెనాలిలో హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి మున్సిపల్ చైర్మన్‌గా ఉండి గంగానమ్మ జాతరలో జంతుబలి ఆపించారు. దానికి కౌన్సిల్ అవిశ్వాసం పెట్టి దించేసింది. ఆయన మళ్ళీ గెలిచి వచ్చారు. సంస్కృత మంత్రాలు లేకుండా తెలుగులో పెళ్లి తంతు రాసి, పెళ్ళిళ్ళు చేయించారు. నాస్తిక ఉద్యమకారుడు గోరా, ఆయన భార్య సరస్వతి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు వచ్చింది. వాళ్ళ పెద్దమ్మాయికి ఒక దళిత యువకుడితో పెళ్లి తాను చేయిస్తానని గాంధీ మాటిచ్చారు. ఆ లోపే ఆయన హత్య జరిగింది, 1948 మార్చిలో సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది. పురోహితుడు లేని పెళ్ళిళ్ళు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నా చిన్నప్పుడు కూడా చూశాను, స్టేజీ మీద దండలు మార్చుకుని, పెద్దలు నాలుగు మాటలు చెప్పి. కానీ హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఆచార ప్రకారం జరిగిన తంతు ఉండాలంటుంది. తమిళనాడు 1967లో సవరణ తెచ్చి, 7-ఎ సెక్షన్ పెట్టి, పురోహితుడు, హోమం లేని ఆత్మగౌరవ పెళ్ళిళ్ళు చెల్లుతాయంది. మనకు ఆ సవరణ లేదు. స్టేజీ మీద ఎంత మంది పెద్దలున్నా, గట్టి కాగితం కావాలంటే చివరికి ఈ బోర్డు కిందికే రావాలి.

పెళ్లి రోజు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, అదే దాని గొప్ప. ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, అయితే ఒకరితో ఒకరు 'నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను' అని అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు, తమకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆఫీసులో ఇంగ్లిష్ కాగితం ఇచ్చారు, మేం తెలుగులో రాసుకెళ్ళాం, అధికారి అభ్యంతరం పెట్టలేదు. మరదలు ఒక్క అక్షరం తడబడలేదు. వీడు 'చట్టబద్ధమైన' దగ్గర ఆగి నా వైపు చూశాడు. అమ్మ తాళి తెచ్చింది, మరదలి వాళ్ళమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. రెండింటికీ చట్టం అడ్డు చెప్పదు, మేమూ చెప్పలేదు. ఫీజు కట్టి అధికారిని ఇంటికి పిలిపించుకుని కూడా పెళ్లి చేసుకోవచ్చని చట్టంలో ఉంది. అడిగితే, మా దగ్గర అలవాటు లేదన్నారు. సంతకాలయ్యాక ఒకాయన 'స్వీట్ల ఖర్చు' అడిగారు. మేమే స్వీట్లు తెచ్చామని డబ్బా తీసి ఇచ్చాను. సర్టిఫికెట్ సాయంత్రం ఆరింటికి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టులో పేరు ఎక్కించడం, బ్యాంకులో జాయింట్ అకౌంట్, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. వయసుకు టెన్త్ మార్కుల మెమో ఒరిజినల్ పట్టుకెళ్ళండి, ఆధార్ మీద వాదనలు పెట్టుకోవద్దు. సాక్షులుగా సెలవు దొరికే మనుషులను ఎంచుకోండి, మూడోవాడు రాక మేం గంటన్నర కూర్చున్నాం. మతం, కులం గడులుంటే గీత పెట్టి, రెండో షెడ్యూల్ ప్రింటు దగ్గర ఉంచుకోండి. ముఖ్యంగా, నోటీసు ఎప్పుడు ఇవ్వాలో చూసుకోండి. మేం కార్తీకంలో ఇచ్చాం, వరండా నిండా పెళ్లి జనం, క్యూలో తోచక బోర్డు చదువుతూ నిలబడ్డారు. అదే ధనుర్మాసం పెట్టేసరికి పక్క టేబుల్ ఖాళీ, వరండాలో కుక్క తప్ప ఎవరూ లేరు. కాబట్టి పంచాంగం ఉన్న పెద్దవాళ్ళను అడిగి, ఆషాఢంలోనో మూఢంలోనో, ఒక్క ముహూర్తం కూడా లేని రోజులు చూసి నోటీసు ఇవ్వండి. అప్పుడు ఆ బోర్డు చదివే నాథుడు ఉండడు.